‘తోకచుక్క’ను నిలబెట్టిన పాఠకులు

గ్రంథమునకు ఆయువు పోయువాడు రచయిత యని లోకము తలచును. అది సగమే నిజము. మాసపత్రికలో నెలకొక భాగముగా వెలువడు కథకు రచయిత జన్మమిచ్చును. ఆ నెల గడచి, పత్రిక అట్ట యూడి, పుటలు చెదరి, అటుక మీదికి చేరిన పిమ్మట ఆ కథ బ్రతుకుట గాని మాసిపోవుట గాని పాఠకుని చేతిలో నున్నది. ఒక కథను జనులు ఎంతగా వలచిరో తెలియవలెనన్నచో, అది వెలువడిన నాడు ఎన్ని ప్రతులు చెల్లినవని కాక, ఏబది యేండ్ల తరువాత దానిని ఎవరు వెదకిరని అడుగవలెను.

అట్లు వెదకబడిన కథలను వ్రాసినవారిలో గుంటూరు సీమ బిడ్డ యొకరున్నారు. ఆయన దాసరి సుబ్రహ్మణ్యముగారు. ‘చందమామ’ మాసపత్రికలో వారి ధారావాహికలను చదివి పెరిగినవారు తెలుగునాట లెక్కకు మిక్కిలి. కాని వానిని వ్రాసినది ఎవరో చాలకాలము వరకు ఆ చదివినవారిలో పెక్కుమందికి తెలియదు. పేరు తెలియని రచయిత కథలను పాఠకులు ఎట్లు కాపాడుకొనిరి, ఆ పేరును తుదకు ఎట్లు వెలికి తీసిరి అనునది గ్రంథాలయములను ప్రేమించు వారెల్లరు తెలిసికొనదగిన చరిత్ర.

అంగారకవాసుల కథ

ఈ చరిత్ర విలువ తెలియుటకు మొదట ఆంగ్లదేశపు ఉదాహరణ మొకటి చూడదగును. హెచ్. జి. వెల్స్ అను రచయిత ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’, అనగా ‘లోకముల యుద్ధము’ అను నవలను 1897లో ‘పియర్సన్స్ మ్యాగజీన్’ అను మాసపత్రికలో ధారావాహికగా ప్రకటించెను. 1898లో అది పుస్తకమయ్యెను. అంగారక గ్రహమునుండి దిగిన జీవులు మూడు కాళ్ళ యంత్రములెక్కి లండను పరిసరములను భస్మము చేయుట, మనుష్యుల ఫిరంగులు వారిని ఆపజాలకపోవుట, తుదకు కంటికి కనబడని సూక్ష్మజీవుల వలన ఆ శత్రువులు నశించుట అందలి కథ. ఇతర దేశములను జయించి ఏలుచున్న ఆంగ్లేయులకు, తమకంటె బలవంతుడు వచ్చి తమ నేల మీద నిలిచినచో ఎట్లుండునో ఆ నవల చూపెను. టాస్మేనియా ద్వీపవాసులకు ఐరోపావారి చేత కలిగిన వినాశమును వెల్స్ తన కథ మొదటనే స్మరించెను.

ఆ కథ పాఠకుల మనస్సులను పట్టుటకు వేరొక కారణము కూడ కలదు. వెల్స్ అప్పుడు లండనుకు చేరువనున్న వోకింగ్ పట్టణమున కాపురముండెను. సైకిలెక్కి చుట్టుప్రక్కల వీధులను, మైదానములను తిరిగి చూచి, అంగారకవాసులు ఏ యూరిని ఎట్లు నాశనము చేయవలెనో నిర్ణయించుకొనెను. వారి తొలి వాహనము కథలో దిగినది ఆ పట్టణపు అంచుననున్న హార్సెల్ మైదానమున. తాము ప్రతిదినము నడచు బాటలు, తమ రైలు స్టేషను, తమ చర్చి కథలో కూలిపోవుట చదివినవారికి ఆ భయము పరాయిది కాలేదు.

తరువాతివారు ఈ కిటుకును గ్రహించిరి. 1898లోనే అమెరికా పత్రికలు కొన్ని ఆ కథను తమ నగరములలో జరిగినట్లు మార్చి ప్రకటించినవి. 1938 అక్టోబరు 30వ తేదీ రాత్రి ఆర్సన్ వెల్స్ అను యువనటుడు దానిని రేడియో నాటకముగా ప్రసారము చేయుచు, అంగారకవాసులను న్యూజెర్సీ రాష్ట్రములోని గ్రోవర్స్ మిల్ అను పల్లెలో దింపెను. వార్తల రూపమున సాగిన ఆ నాటకమును విని కొందరు నిజమని బెదరిరి. దేశమంతయు పరుగులెత్తినదని మరునాటి పత్రికలు వ్రాసినది మాత్రము అతిశయోక్తియే యని తరువాతి పరిశోధకులు తేల్చిరి. 1949 ఫిబ్రవరిలో ఈక్వడారు దేశపు రాజధాని కీటోలో అట్టి నాటకమే ప్రసారము కాగా, అది కల్పన యని తెలిసిన జనులు కోపోద్రిక్తులై రేడియో కేంద్రమున్న భవనమునకు నిప్పు పెట్టిరి. అందు ప్రాణనష్టము కూడ జరిగెను. వినువారి విశ్వాసముతో ఆటలాడుట ఎంత ప్రమాదమో ఆ సంఘటన చాటినది.

1953లో ఆ నవల అమెరికాలో చలనచిత్రమయ్యెను. 1978లో జెఫ్ వేన్ అను సంగీతకర్త దానిని సంగీత రూపకముగా రికార్డు చేసెను. 2005లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ మరల చిత్రముగా తీసెను. రేడియో నాటకమునకు ఏబది యేండ్లు నిండిన 1988లో గ్రోవర్స్ మిల్ పల్లెవారు తమ యూర జ్ఞాపక చిహ్నమును నిలిపిరి. నవలకు నూరేండ్లు నిండిన 1998లో వోకింగ్ పట్టణమువారు తమ నడివీధిలో మూడు కాళ్ళ అంగారక యంత్రమును ఉక్కుతో చేయించి నిలబెట్టిరి. తమ పట్టణమును కథలో తగులబెట్టినవాని గౌరవార్థము ఆ పట్టణమే విగ్రహము నెత్తుట పాఠకాభిమానమునకు పరాకాష్ఠ.

వెల్స్ కల్పన తెలుగువారి కడకు కూడ వచ్చినది. ఆయన 1895లో ప్రకటించిన ‘ది టైమ్ మెషీన్’ నవల స్ఫూర్తితో సింగీతం శ్రీనివాసరావుగారు 1991లో ‘ఆదిత్య 369’ చిత్రమును తీసిరి. కాలయంత్రమెక్కిన కథానాయకుడు అందు శ్రీకృష్ణదేవరాయల సభకు పోవును. పరదేశపు ఊహను స్వదేశపు చరిత్రతో ముడివేసినందుననే ఆ చిత్రము తెలుగువారికి తమ సొంతమైనది. 2025 ఏప్రిలులో దానిని మరల థియేటర్లలో విడుదల చేసిరి.

ఇందుండి గ్రహింపదగినది ఒకటి గలదు. వెల్స్ పేరు మొదటి నుండియు ఆయన కథ మీద అచ్చయినది. పుస్తకమును ప్రచురించుటకు ప్రకాశకులుండిరి. నాటకముగా, చిత్రముగా మార్చుటకు ధనవంతులైన సంస్థలుండెను. పాఠకుల అభిమానము వీనికి తోడయ్యెను. ఈ సదుపాయములేవియు లేక, పాఠకుల అభిమానము ఒక్కటియే దిక్కయిన కథల గతి యేమి? దానికి సమాధానము చందమామ చరిత్రలో దొరకును.

తెనాలి, పెదగంజాము, చందమామ

చందమామ 1947 జులైలో మద్రాసునుండి తెలుగు, తమిళ భాషలలో వెలువడుట మొదలిడినది. దానిని స్థాపించినవారు బి. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు. చక్రపాణిగారి అసలు పేరు ఆలూరి వెంకటసుబ్బారావు. వారిది తెనాలి. 1952 నుండి ఆ పత్రికను తీర్చిదిద్దినవారు కొడవటిగంటి కుటుంబరావుగారు. వారిదియు తెనాలియే. 1980 ఆగస్టులో మరణించు వరకు వారు ఆ పనిలోనే యుండిరి. చిన్న వాక్యము, తేట మాట, కథను వంకరలేక చెప్పుట వారి కలము వలన ఆ పత్రికకు అబ్బిన గుణములు. బాలుర కొరకు వ్రాయుట పెద్దల సాహిత్యముకంటె తక్కువ పని యని వారు తలపలేదు.

ఆ 1952లోనే చందమామ కార్యాలయమున చేరిన మూడవ గుంటూరు సీమవారు దాసరి సుబ్రహ్మణ్యముగారు. వారు 1932 అక్టోబరు 25న పెదగంజాములో జన్మించిరి. ఉప్పు కొఠారులకు పేరుగన్న చినగంజామునకు అది పొరుగూరు. ప్రత్తియు మిరపయు పండు నల్లరేగడి చేలు పడమటి దిక్కున పరచుకొనియుండ, ఆ గ్రామములు సముద్రపు టంచున నున్నవి. నాడు గుంటూరు జిల్లాలో చేరియున్న ఆ ప్రాంతము 1970లో క్రొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోనికి, అనగా నేటి ప్రకాశము జిల్లాలోనికి పోయి, 2022 నుండి బాపట్ల జిల్లాలో నున్నది. జిల్లాల పేర్లు మారినను రచయిత పుట్టిన నేల ఒక్కటియే.

ఇరువదేండ్ల ప్రాయమున చందమామలో చేరిన సుబ్రహ్మణ్యముగారు 2006 వరకు, అనగా ఏబదినాలుగు సంవత్సరములు అక్కడనే పనిచేసిరి. వారి తొలి ధారావాహిక ‘తోకచుక్క’ 1954లో మొదలయ్యెను. దాని వెనుక ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘రాతిరథం’, ‘యక్షపర్వతం’, ‘మాయాసరోవరం’, ‘భల్లూక మాంత్రికుడు’ వచ్చినవి. మొత్తము పన్నెండు. తెలుగులోనే కాక ఇతర భాషల చందమామలలోను ఆ కథలు అనువాదములై వెలువడినవి. ఆ భాషలు మాటలాడు బాలురు కూడ నెలనెల ఆ కథల కొరకు ఎదురు చూచిరి. వెల్స్ కథకు రేడియోయు చలనచిత్రమును చేసిన పనిని ఈ కథలకు అనువాదము చేసెను.

కథలోని ఆకర్షణము

వెల్స్ కథలో భయము యంత్రము వలన కలుగును. సుబ్రహ్మణ్యముగారి కథలో మంత్రము వలన కలుగును. ఎరుగని శక్తి యెదుట సామాన్యుడు నిలుచుట మాత్రము రెంటికిని సమానము. ‘తోకచుక్క’ అను పేరులోనే ఆకాశమును చూచి గుండె జారిన పల్లెవాని భయమున్నది. అందు సేనాని సమరసేనుడు. అతనికి ఎదురైన మాంత్రికులు ఏకాక్షి, చతుర్నేత్రుడు. ఒకనికి ఒక్క కన్ను, వేరొకనికి నాలుగు కన్నులు. పేరు చెప్పగానే రూపము కంటికి కట్టును. ఎనిమిదేండ్ల బాలునికి కూడ విడమరచి చెప్పనక్కరలేదు.

ఆయన కథలలో కథానాయకుడు ఒంటరివాడుగా కనబడుట తక్కువ. ‘రాకాసిలోయ’లో బ్రహ్మదండి మాంత్రికుని కథ నడచుచుండగా కేశవునికి జయమల్లు తోడుండును. ‘పాతాళదుర్గం’లో ధూమకునికి సోమకుడు, ‘శిథిలాలయం’లో శిఖిముఖికి విక్రమకేసరి, ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మకు జీవదత్తుడు, ‘మాయాసరోవరం’లో జయశీలునికి సిద్ధసాధకుడు జతగాండ్రు. ఇద్దరు స్నేహితులు అడవిదారి పట్టి, ఒకని తెగువకు ఒకని యుక్తి తోడై గండములను గడచుట ఈ కథలకు వెన్నెముక. పొలము పనికి గాని, పరువెత్తి ఆడు ఆటకు గాని జత లేనిదే కదలని పల్లె బాలునికి ఇంతకంటె చేరువైన పోలిక యేది? ఊరిలో ఏ ఇద్దరు మిత్రులైనను ఆ పేర్లను పంచుకొనవచ్చును.

కథ నడకలోను నేర్పు గలదు. ప్రతి భాగము గండమొకటి ముంచుకొని వచ్చుచుండగా ఆగిపోవును. మరునెల సంచికలో, జరిగిన కథను నాలుగు మాటలలో చెప్పి, ఆగినచోటనే మరల ఎత్తుకొనును. గత సంచికను చూడనివాడు కూడ వెనుకబడడు. చిత్రా అను పేరుతో ప్రసిద్ధులైన టి. వి. రాఘవన్‌గారు ఈ కథలకు బొమ్మలు వేసిరి. మాంత్రికుని జటలు, రాకాసి కోరలు, కొండగుహలు, వింత మృగములు ఎట్లుండునో వారి గీతల వలననే తెలుగు బాలురకు తెలిసినది. 1978లో మరణించు వరకు వారి కుంచె చందమామకు పెట్టనికోటయై యుండెను.

మద్రాసులో ముద్రితమైన పత్రిక తెనాలి, బాపట్ల, చీరాల, ఒంగోలు వంటి పట్టణములకు చేరి, అటనుండి పల్లెలకు ప్రాకెను. పల్లెలో ఒక్క ప్రతి పది యిండ్లు తిరుగును. గ్రంథాలయమునకు వచ్చిన ప్రతికైతే వరుస కట్టవలసినదే. మిరపకాయలు కల్లమున ఎండబోసి కాపలా యున్నవారు, ప్రత్తి తీతల నుండి తిరిగివచ్చినవారు, చదువు రానివారు, పిల్లలు చదువుచుండగా వినుట పల్లెటూళ్ళకు అలవాటైన పఠనమే. బాలుర కొరకు వ్రాసిన కథ ఇట్లు పెద్దల చెవులను కూడ చేరెను.

పేరు లేని కథకుడు

ఇంతమంది వలచిన ఈ కథల మీద రచయిత పేరు లేదు. సంపాదకవర్గమువారు వ్రాసిన వానికి పేరు వేయుట ఆ పత్రికకు పరిపాటి కాదు. కుటుంబరావుగారు కూడ చందమామలో పేరు లేకుండ ఎన్నో కథలు వ్రాసిరి. అవ్వ చెప్పిన కథకు కర్త పేరు అడుగనట్లే చందమామ కథకు కూడ అడుగరాదను భావము ఆ పద్ధతిలో నుండవచ్చును. అందు ఒక అందమును కలదు. పత్రిక అంతయు ఒక్క గొంతుతో కథ చెప్పినట్లుండెను.

కాని నష్టమును కలదు. పేరు లేనందున గ్రంథాలయ పట్టికలో ఆ రచయితకు చోటు లేకపోయెను. సాహిత్య చరిత్రకారుడు పన్నెండు నవలలను వ్రాసినవానిని నవలాకారునిగా లెక్కింపడయ్యెను. కుటుంబరావుగారికి పెద్దల సాహిత్యమున గొప్ప కీర్తి యున్నది గనుక చందమామలో పేరు లేకున్నను వారికి లోటు లేదు. సుబ్రహ్మణ్యముగారి జీవితకాలపు పని ముఖ్యముగా చందమామయే. అక్కడ పేరు లేకున్నచో మరెక్కడ?

పాఠకుల వెదకులాట

ఇచటనే పాఠకుల పని మొదలైనది. ధారావాహికలను ఇష్టపడిన ఇండ్లలో ఒక అలవాటుండెను. సంచికలోని ధారావాహిక పుటలను జాగ్రత్తగా విప్పి, నెలల వరుసలో పేర్చి, దారముతో కుట్టి, అట్ట వేసి దాచుకొనువారు. సంచిక చెడినది గాని కథ దక్కినది. మరికొందరు పన్నెండు సంచికలను కలిపి బైండు చేయించి సంపుటములుగా నుంచిరి. ఆ బైండ్లలో ఎన్నో అరవు పోయినవి, కొన్ని చెదలు తిన్నవి. మిగిలినవి ఎట్లు మిగిలెనన్నచో, వానిని చిన్ననాడు చదివినవారు పెద్దవారై తమ బిడ్డలకు చూపవలెనని పట్టుదలతో నుంచుకొనుట వలననే.

చందమామ పత్రికకే కష్టకాలము వచ్చెను. 1998లో అది ఆగిపోయి, సుమారొక సంవత్సరము పిమ్మట మరల వెలువడినది. 2007లో యాజమాన్యము చేతులు మారినది. తరువాత కొలది యేండ్లకే ప్రచురణ నిలిచిపోయినది. అరువదేండ్లకు పైగా నడచిన పత్రిక అంగడిలో కనబడకపోయిన నాడు పాత సంచికల విలువ అందరకు తెలిసినది. ఇండ్లలోని బైండ్లను, గ్రంథాలయములలోని సంపుటములను వెదకి, లేని నెలలను ఒకరినుండి ఒకరు తెచ్చుకొని, పుటపుటకు ఛాయాచిత్రములు తీసి పదిమందికి అందునట్లు చేసినవారు పాఠకులే. వారికి జీతము లేదు, బిరుదు లేదు. ‘రాకాసిలోయ’ తుదకు ఏమైనదో చిన్ననాడు చదువజాలక పోయిన వాని ఆరాటమే ఆ పనికి పెట్టుబడి.

కథను వెదకినవారు కథకుని కూడ వెదకిరి. ఆయన పేరును పత్రికలలో వ్రాసి, పలువురికి తెలియజేసిరి. సుబ్రహ్మణ్యముగారు 2010 జనవరి 27న మరణించిరి. వారి ధారావాహికలు పుస్తకములుగా, అట్ట మీద వారి పేరుతో, తరువాతి కాలమున వెలువడినవి. 1954లో నెలనెల వచ్చిన ‘తోకచుక్క’ను ఒక్క పుస్తకముగా చేతబట్టుకొని చదువు అవకాశము తరువాతి తరము బాలురకు కలిగినది. వోకింగ్ పట్టణమువారు ఉక్కు విగ్రహమును నిలిపిరి. తెలుగు పాఠకులు నిలిపినది పేరును. దేని బరువు దానిది.

గ్రామ గ్రంథాలయమునకు ఇందలి పాఠము

ఈ సీమ గ్రంథాలయములకు గొప్ప వారసత్వమున్నది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడినది మొదలు పల్లెపల్లెకు పుస్తకమును చేర్చుటకు పెద్దలు పాటుపడిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు జిల్లా పెదపాలెమునుండి కాలువ వెంట పడవ గ్రంథాలయమును నడపి, రేవురేవునకు పుస్తకములను అందించిరి. పెదగంజామునకు చేరువనే, వేటపాలెములో 1918లో వెలసిన సారస్వత నికేతనము పాత పత్రికలను భద్రపరచుటలో దేశమంతట పేరు గడించినది. దాని భవనమునకు 1929లో మహాత్మాగాంధి శంకుస్థాపన చేసిరి. నిన్నటి పత్రికను నేడు పారవేయరాదని ఆ సంస్థ నూరేండ్లుగా చేతలతో చెప్పుచున్నది. పరిశోధకులు దూరదేశములనుండి వచ్చి ఆ బీరువాల ముందు కూర్చుండుటకు కారణమదియే.

అయినను పెక్కు గ్రామ గ్రంథాలయములలో బాలల పత్రికకు మర్యాద తక్కువ. పురాణములు, కావ్యములు బీరువాలో తాళము క్రింద నుండును. బాలల మాసపత్రిక బల్ల మీద నలిగి, ఏడాది తిరుగగానే పాత కాగితముల వానికి తూకమున పోవును. దానిని చదివి అక్షరము మీద మమకారము పెంచుకొన్నవాడే పెద్దవాడై కావ్యముల బీరువా తాళము తీయించునని నిర్వాహకులు మరువరాదు. వెల్స్ నవల కూడ మొదట మాసపత్రికలో నెలనెల వచ్చినదే. అచ్చయిన నాడు ఏది నిలుచునో, ఏది పోవునో చెప్పుట ఎవ్వరి తరము కాదు. అందుచేత నిలుపుటయే గ్రంథాలయమునకు ధర్మము.

చేయవలసిన పని పెద్దది కాదు. పాత సంచికలున్నచో నెలల వరుస చూచి బైండు కట్టించవలెను. లేని నెల యేదో అట్ట లోపల వ్రాసియుంచవలెను. ఊరిలో ఎవరి అటుక మీదనో అది దొరకవచ్చును. ధారావాహిక పుటలను విడదీసి కుట్టిన ఇంటి బైండు ఎవరైన తెచ్చి యిచ్చినచో చిరుగు కాగితమని త్రోసివేయక చేర్చుకొనవలెను. పుస్తకముల పట్టికలో ‘చందమామ’ అని మాత్రమే వ్రాసి విడువక, ఆ పన్నెండు కథల పేర్ల ఎదుట రచయిత పేరును కూడ ఎక్కింపవలెను. ప్రక్క జిల్లా పల్లెలో పుట్టి, ఏబది యేండ్లకు పైగా బాలుర కొరకే పనిచేసినవానికి ఈ సీమ గ్రంథాలయములు ఈపాటి ఋణము తీర్చుట న్యాయము.

పట్టికలో ఒక్క పంక్తి చాలును. దానిని చూచి రేపు ఏ బాలుడో ‘తోకచుక్క’ను అడిగినచో, గ్రంథపాలకుడు లేచి బీరువా తెరువగలుగును.